మూడో పళ్లెం

శుక్రవారం, పదకొండూ పది. గోర్ధన్‌భాయ్ డైనింగ్ హాల్ తలుపులు తీసి పది నిమిషాలైంది. ఏడో నంబరు బల్ల దగ్గర నేను కూర్చున్నాను. నా ఎదురుగా మజ్జిగ పులుసులాంటి కఢీ ఉన్న బకెట్టు పట్టుకుని భేరూలాల్ నిలబడ్డాడు. బకెట్టు కింద పెట్టమని రెండుసార్లు చెప్పాను. పెట్టలేదు. అది చేతిలో ఉన్నంతసేపూ తననెవరూ పట్టుకుపోరని వాడి నమ్మకం కాబోలు.

"మంగళవారం ఈ బల్లకి వడ్డించింది నువ్వేనా?"

"నేనే బేన్. ఈ వరస రోజూ నాథూ చూస్తాడు. చెల్లెలి పెళ్లని సోమవారం ఊరెళ్లాడు. నన్ను నిలబెట్టారు."

"నువ్వు చేరిందెప్పుడు?"

"మొన్న ఆదివారం. డూంగర్‌పూర్ నుంచి వచ్చాను."

"అంటే అనోప్‌చంద్ కాకాని మంగళవారానికి ముందు నువ్వు చూడలేదు."

"చూళ్లేదు. పోలీసు సాహెబ్ ఫోటో చూపించాడు. అదే టోపీ, అదే కోటు. ఔను, ఈయనేనన్నాను."

"టోపీ సంగతి సరే. మొహం?"

బకెట్టు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మారింది.

విషయం ఇదీ. అనోప్‌చంద్ మెహతా, అరవై మూడేళ్ల వజ్రాల దళారి, మంగళవారం నుంచి కనిపించడం లేదు. ఆయనతోపాటు ఒక వజ్రాల పొట్లం కూడా కనిపించడం లేదు. పొట్లం సొంతదారు త్రికమ్ సేఠ్ చెప్పేదేమిటంటే, మంగళవారం పన్నెండూ ఇరవైకి సోనీ బజారులోని తన దుకాణంలో పొట్లం ఆయన చేతికిచ్చాడు, ఆయన జేబులో వేసుకుని మెట్లు దిగిపోయాడు. ఈ హాల్లో కెమెరా చెప్పేదేమిటంటే, పన్నెండూ నలభైకి తెల్ల టోపీ, కాఫీ రంగు కోటు ఉన్న మనిషొకడు లోపలికొచ్చాడు, ఏడో నంబరు బల్ల దగ్గర గోడవైపు తిరిగి కూర్చుని తిన్నాడు, ఒంటిగంటా ఎనిమిదికి వెళ్లిపోయాడు. వీధి మొగలో ఆటో ఎక్కాడు. ఆ తర్వాత ఎవరికీ కనిపించలేదు.

ఇన్‌స్పెక్టర్ ఝాలాకి అది చాలు. ముసలాడు కడుపునిండా భోంచేసి రాళ్లతో ఉడాయించాడని ఆయన తేల్చేశాడు. ఇవాళ రెండింటికి ఆ మాట కాగితం మీద పెట్టి పైకి పంపుతాడు. పంపితే ఇక అనోప్‌చంద్‌ని ముంబై, సూరత్‌లలో దొంగగా వెతుకుతారు. ఆయన్ని ఎవరైనా ఎక్కడైనా బంధించి ఉంటే ఆ తలుపు మాత్రం ఎవరూ తట్టరు.

నన్ను పెట్టుకున్నది ఆయన కూతురు ఝంఖన. పదో తరగతి పిల్లలకి లెక్కలు చెబుతుంది. వెనక బల్ల దగ్గర కూర్చుని ఉంది, ఎదురుగా పెట్టిన మజ్జిగ ముట్టలేదు. నా పేరు దమయంతి రాయ్‌చురా. రాజ్‌కోట్‌లో అందరికీ దముబేన్ని, బేన్ అంటే అక్క. పద్దెనిమిదేళ్లు బీమా కంపెనీకి దొంగ క్లెయిములు పట్టిచ్చాను. ఆ తర్వాత డిటెక్టివ్‌గా సొంత బోర్డు కట్టుకున్నాను. జనం ఏడుస్తుంటే ఓదార్చడం నాకు చేతకాదు. ప్రశ్నలడగడం చేతనవును.

"మొహం సంగతి అడిగాను భేరూ."

"దుమ్మని మొహానికి రుమాలు కట్టుకొచ్చాడు బేన్. తినేటప్పుడు తీశాడు, కానీ గోడవైపు తిరిగున్నాడు. నేను పక్కనించి వడ్డిస్తాను. నాకు పళ్లెం కనిపిస్తుంది. మొహాలు చూస్తూ కూర్చుంటే ఖాళీ గిన్నెలెవడు చూస్తాడు, గోర్ధన్‌భాయ్ నా తోలు తీయడూ?"

అబద్ధం కాదు. ఈ హాల్లో వడ్డించేవాడికి మనిషంటే నాలుగు గిన్నెలు, ఒక రోట్లీ.

"అయితే పళ్లెం సంగతే చెప్పు. ఏమడిగాడు?"

"జైన్ థాలీ అన్నాడు. బంగాళాదుంప వద్దు, ఉల్లి వద్దు అని మళ్లీ చెప్పాడు. రోట్లీలు ఐదు తీసుకున్నాడు. పప్పు రెండుసార్లు పోశాను. ఢోక్లా మూడుసార్లు అడిగాడు."

"తొందరలో ఉన్నట్టున్నాడా?"

"అబ్బే. నిదానంగా తిన్నాడు."

"లేచేటప్పటికి పళ్లెంలో ఏముంది?"

ఈ ప్రశ్నకి వాడు తడుముకోలేదు. మంగళవారం నుంచి కడుపులో పెట్టుకున్నట్టున్నాడు.

"ఒకటిన్నర రోట్లీ వదిలేశాడు. సొరకాయ కూర సగం అలాగే ఉంది. పప్పు గిన్నెలో చెయ్యి కడిగేశాడు. కఢీ బల్లంతా ఒలికించాడు. తిన్నంత తినండి, పారెయ్యకండి అని గోడ మీద అంతలేసి అక్షరాలు రాసుంది కదా! చూపిద్దామనుకున్నా. పెద్దాయన కదా అని నోరు మూసుకున్నా."

వెనక కుర్చీ కిర్రుమంది. ఝంఖన లేచి నిలబడింది.

"చెయ్యి కడిగాడా? పప్పు గిన్నెలోనా?"

"ఔను బేన్."

"దముబేన్, అది మా పప్పా కాదు." లెక్క తప్పు చేసిన పిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. "ఆయన పళ్లెంలో మెతుకు వదలరు. తిన్నాక అదే పళ్లెంలో మంచినీళ్లు పోసుకుని, వేళ్లతో కడిగి, ఆ నీళ్లు తాగేస్తారు. గిన్నెలూ అంతే. పెళ్లి విందులో కూర్చున్నా అంతే, నలుగురూ నవ్వినా అంతే. నేను పుట్టాక ఒక్కపూట తప్పగా చూళ్లేదు."

జైనుల ఇళ్లలో పాతకాలం వాళ్లు అలా పళ్లెం కడుక్కుని తాగడం నాకూ తెలుసు. చిన్నప్పుడు మా పక్కింటి మణిబా అలాగే తాగుతుంటే కిటికీలోంచి చూసి పకపకా నవ్వి, మా అమ్మ చేతిలో దెబ్బలు తిన్నదాన్ని. అయినా మూడు రోజుల నుంచి కెమెరా బొమ్మలు చూస్తూ కూర్చున్నాను గానీ, ఎంగిలి పళ్లెం గురించి అడగాలని ఇవాళ్టిదాకా నాకు తట్టలేదు. నా మీద నాకే ఒళ్లు మండింది.

ఉల్లి వద్దనాలని వాడికి తెలుసు, బంగాళాదుంప వద్దనాలని తెలుసు. ఈ ఊళ్లో తెలియనిదెవరికి? తిని లేచాక ఏం చెయ్యాలో మాత్రం తెలియలేదు. ఇంటికి ఇల్లు ఆనుకుని బతుకుతాం గానీ, పక్కవాడు భోజనం ముగించేదాకా ఎవరం కూర్చుని చూస్తాం?

పదకొండూ ముప్ఫై ఎనిమిది. ఇన్‌స్పెక్టర్ ఝాలా లోపలికొచ్చాడు. మీసాలు ముందు, మనిషి వెనక. వస్తూనే తొమ్మిదో నంబరు బల్ల దగ్గర బైఠాయించాడు. అడక్కుండానే పళ్లెం వచ్చింది, గిన్నెలొచ్చాయి, నెయ్యి కారుతున్న రోట్లీ వచ్చింది.

"ఓహో, దముబేన్! పొద్దున్నే భోజనాలా? ఇంట్లో పొయ్యి వెలిగించడం లేదా?"

"వెలిగిస్తే నువ్వొచ్చి కూర్చుంటావని భయం ఝాలా."

"నా సాక్షిని బెదిరిస్తున్నావని చెప్పారు."

"నీ సాక్షి మొహం చూళ్లేదట. నీకు చెప్పాడా ఆ మాట?"

ఝాలా భేరూలాల్ వైపు చూశాడు. బకెట్టుతో సహా భేరూలాల్ వంటింట్లోకి మాయమయ్యాడు.

పళ్లెం సంగతి చెప్పాను. ఝాలా వింటూ ఢోక్లా నోట్లో వేసుకున్నాడు, నమిలాడు, మింగాడు. ఆ తర్వాత నవ్వాడు. గోర్ధన్‌భాయ్ గల్లా దగ్గర నుంచి తలెత్తి చూసేంత గట్టిగా నవ్వాడు.

"రాళ్లు కొట్టేసి పారిపోయేవాడు పళ్లెం కడుక్కుంటూ కూర్చుంటాడా బేన్? పొట్లం జేబులో ఉంటే దేవుడు కూడా గుర్తురాడు."

"పారిపోయేవాడు ఇరవై ఎనిమిది నిమిషాలు కూర్చుని ఢోక్లా మూడుసార్లు అడుగుతాడా? తొందరుంటే అసలు భోజనానికే రాడు. తొందర లేకపోతే పళ్లెం కడుక్కుంటాడు. నీ దొంగ ఈ రెంటిలో ఏదో చెప్పు."

"పళ్లాలు పట్టుకుని నేను పైవాళ్ల ముందుకెళ్లలేను."

"సోమవారం సంగతి పట్టుకుని వెళ్లు. సోమవారం సాయంత్రమే కాకా ఇంట్లో పొట్లం విప్పి చూశాడు. ఇవి భూమిలో పుట్టిన రాళ్లు కావు, యంత్రంలో చేసినవి, వీటిని అసలువని చెప్పి నేనమ్మను అని కూతురితో అన్నాడు. పొట్లం తన దగ్గరే సీలు వేసి దాచాడు. మరి సోమవారమే కాకా దగ్గరున్న పొట్లాన్ని సేఠ్ మంగళవారం ఎలా ఇచ్చాడు?"

"కూతురి మాట!" ఝాలా రోట్లీ తుంచాడు. "తండ్రిని దొంగని ఏ కూతురంటుంది?"

ఝంఖన ఆయన బల్ల దాకా నడిచొచ్చింది. "సాహెబ్, మూడు రోజుల్లో మీరు నన్ను ఐదుసార్లు పిలిపించారు. ప్రతిసారీ పొట్లం ఎక్కడని అడిగారు. మీ నాన్న ఎక్కడని ఒక్కసారి కూడా అడగలేదు."

ఇరుకున పడితే ఝాలా ఫోను తీస్తాడు, అది అలవాటు. తీశాడు, నొక్కాడు, బల్ల మీద పెట్టి అందరికీ వినపడేలా చేశాడు. గోడ గడియారంలో పదకొండూ నలభై ఐదు.

"జై శ్రీకృష్ణ సేఠ్! మన దముబేన్ ఎంగిలి పళ్లాల్ని ఇంటరాగేట్ చేస్తోంది, వినండి. మంగళవారం ఇక్కడ తిన్నవాడు పళ్లెం కడుక్కుని తాగలేదట, కాబట్టి వాడు అనోప్‌చంద్ కాదట!"

అవతల త్రికమ్ సేఠ్ కూడా నవ్వాడు. కాస్త ఆలస్యంగా నవ్వాడు. "పాపం, ఆడమనిషి. ఏదో ఒకటి చెయ్యాలిగా" అని ఫోను పెట్టేశాడు.

"ఫిర్యాదు ఇచ్చినవాడికి దర్యాప్తు మొత్తం ఫోనులో చదివి వినిపిస్తావా?" అన్నాను.

"ఫిర్యాదు ఇచ్చినవాడు మనవాడు బేన్. నీ కాకాయే బయటివాడు. ఓయ్, పప్పు తే!"

ఒళ్లు భగ్గుమంది. ఆ పప్పు గిన్నె ఎత్తి ఆయన మీసాల మీద కుమ్మరించాలనిపించింది. కుమ్మరించలేదు. రెండింటికి కాగితం వెళ్లిపోతుంది. కోపానికి టైము లేదు.

"రా ఝంఖనా, కడిగేచోటికి వెళ్దాం."

వంటింటి వెనక రేకుల కప్పు కింద మూడు సిమెంటు తొట్లు. మొదటి దాంట్లో బూడిద నీళ్లు, రెండో దాంట్లో సబ్బు నీళ్లు, మూడో దాంట్లో మంచినీళ్లు. వాటి మధ్య పీట మీద రళియాత్‌బా కూర్చుని ఉంది. డెబ్భై దాటి ఉంటాయి. ముక్కుపొడి వేలితో తీసి చిగుళ్లకి రుద్దుకుంటోంది. పోలీసులు ఈ హాలుకి నాలుగుసార్లు వచ్చారు. ఈవిడ దగ్గరికి ఒక్కరూ రాలేదు.

"బా, ఈ హాల్లో పళ్లెం కడుక్కుని తాగేవాళ్లెవరైనా ఉన్నారా?"

"ముగ్గురున్నారు. ఎందుకమ్మా?"

"వాళ్లలో అనోప్‌చంద్ అని..."

"పేర్లు నాకు తెలీవు తల్లీ. ముందు తలుపులోంచి వచ్చేవాళ్ల మొహాలు నేనెప్పుడు చూశాను? పళ్లాలే నాకు తెలుసు." వేలు నీళ్లలో ముంచి కడుక్కుంది. "ఒకాయన పళ్లెం కడుగుతాడు, గిన్నెలు కడగడు. ఇంకొకాయన కడుగుతాడు గానీ గిన్నెలు చెల్లాచెదరుగా పడేస్తాడు. మూడో ఆయనున్నాడు చూడూ, కడుక్కునే కాకా అంటాను నేను. నాలుగు గిన్నెలూ ఒకదాంట్లో ఒకటి పెట్టి, పళ్లెంలో బోర్లించి, చెంచా వాటి కింద దాస్తాడు. పదకొండేళ్లుగా అంతే. ఆ పళ్లెం వచ్చిందంటే నేరుగా మూడో తొట్లో ముంచి తీస్తా. మనసులోనే దణ్ణం పెట్టుకుంటా, నా నడుముకి ఒక్క వంగుడు తగ్గించాడని."

"మా పప్పాయే" అంది ఝంఖన. "ఇంట్లో కూడా చెంచా కిందే పెడతారు."

"మంగళవారం ఆ పళ్లెం వచ్చిందా బా?"

"మంగళవారం రాలేదు."

ఝంఖన నా చెయ్యి పట్టుకుంది. అనుకున్నదే. దీనితో మంగళవారం తిన్నవాడు వేరే మనిషని తేలింది. నోటుబుక్కు మూయబోతున్నాను.

"మంగళవారం ఒక్కరోజే రాలేదు" అంది రళియాత్‌బా, ఇంకో చిటికెడు పొడి తీసుకుంటూ. "బుధవారం వచ్చిందిగా. నిన్న కూడా వచ్చింది."

ఝంఖన తొట్టి గట్టు మీద కూలబడింది. చీర తడిసిపోతోందని కూడా చూసుకోలేదు.

"బుధవారం ఏ బల్ల మీద నుంచి వచ్చింది?" నోటుబుక్కు మళ్లీ తెరిచాను.

"బల్ల మీద నుంచి కాదు. బయటికి పంపే పెట్టెలో వచ్చింది. కాకాకి అక్కడేదో పని పడిందేమో, అక్కడే తింటున్నాడేమో అనుకున్నా."

"ఏ పెట్టె?"

"నీలం పెట్టె."

గల్లా దగ్గరికి దాదాపు పరిగెత్తాం. పన్నెండూ ఐదు. హాలు సగం నిండింది. గోర్ధన్‌భాయ్ ఒకేసారి ఇద్దరికి నమస్తే చెబుతూ మూడోవాడికి చిల్లర ఇస్తున్నాడు. మంచివాడు. మంగళవారం జునాగఢ్‌లో బంధువుల ఇంటికెళ్లాడు, లేకపోతే పదకొండేళ్లుగా వస్తున్న మనిషిని నడక చూసే గుర్తుపట్టేవాడు. మంగళవారం ఈయన లేడు, నాథూ లేడు. ఆ రెండూ ముందే తెలిసినవాడే ఆ రోజు ఎంచుకున్నాడు.

"గోర్ధన్‌భాయ్, నీలం పెట్టె ఎక్కడికి వెళ్తుంది?"

"ఎర్రది క్లినిక్కుకి, పచ్చది బట్టల కొట్టుకి, నీలం త్రికమ్ సేఠ్..." అంటూనే ఆగిపోయాడు. నోరు మాత్రం తెరుచుకునే ఉంది.

"రోజూ ఎన్ని థాలీలు?"

"రెండు. సేఠ్‌కొకటి, గుమాస్తా హకాభాయ్‌కొకటి. ఏళ్ల తరబడి రెండే."

"ఈ వారం?"

ఆర్డర్ చీటీలు గుచ్చిన ఇనపచువ్వని దగ్గరికి లాక్కున్నాడు. నేనే ఒక్కొక్కటీ తీశాను. సోమవారం రెండు. మంగళవారం ఒకటి. బుధవారం మూడు. గురువారం మూడు.

మంగళవారం ఒక్కటే ఎందుకో అడగాల్సిన పని లేకపోయింది. ఆ రోజు హకాభాయ్ భోజనం దుకాణంలో చెయ్యలేదు. తెల్ల టోపీ, కాఫీ రంగు కోటు తొడుక్కుని ఏడో నంబరు బల్ల దగ్గర చేశాడు. ఆ టోపీ, ఆ కోటు విప్పిచ్చిన మనిషి ఆ దుకాణం మెట్లు అసలు దిగనేలేదు.

ఝాలా ఇంకా తొమ్మిదో నంబరు బల్ల దగ్గరే ఉన్నాడు. అన్నంలోకి వచ్చాడు. నాలుగు చీటీలూ ఆయన పళ్లెం పక్కన వరసగా పేర్చాను. రళియాత్‌బా చెప్పింది చెప్పాను. మధ్యలో ఆయన అడ్డు రాలేదు. ఆయన మొద్దు మనిషే గానీ చెడ్డ మనిషి కాదు, అది నాకు పదేళ్లుగా తెలుసు. చీటీలు ఒకసారి చూశాడు, మళ్లీ చూశాడు.

"పొట్లం దొరికేదాకా ఆయన్ని ఏం చెయ్యరు" అన్నాను. "పొట్లం ఎక్కడుందో కాకా చెప్పి ఉండడు. చెబితే ఆ నకిలీ రాళ్లకి సాక్షి ఆయనొక్కడే మిగులుతాడు, ఇక ఆయన్ని బతకనివ్వరు. అందుకే తిండిపెట్టి అడుగుతున్నారు."

"ఇవాళ ఎన్ని?" అన్నాడు ఝాలా.

ఆ ప్రశ్న ముందు నేను అడగాల్సింది. అడగలేదు. అందరం గోర్ధన్‌భాయ్ వైపు తిరిగాం.

"పొద్దున్నే చెప్పేశారు. పదకొండూ ఐదుకి." చీటీ చేతిలోనే ఉంది. చదవడానికి ఆయనకి మనసు రావడం లేదు. "ఇవాళ రెండే."

ఝంఖన ఏడవలేదు. బల్ల అంచు రెండు చేతులతో పట్టుకుని, "రెండేనా గోర్ధన్ కాకా, సరిగ్గా చూడండి" అంది.

"రెండేనమ్మా." గోర్ధన్‌భాయ్ కళ్లజోడు సర్దుకుని చీటీ మళ్లీ చూశాడు. "రెండు థాలీలు, ఒక క్యాను నీళ్లు. కాచి చల్లార్చినవి. సేఠ్ స్వయంగా మాట్లాడాడు. కొళాయి నీళ్లు పోసి కాచామని అబద్ధం చెబితే ఊరుకోను, ఆ పాపం నా నెత్తిన పడుతుంది అని రెండుసార్లు చెప్పాడు. ఎండలో సేఠ్‌కి ఇదేం సోకు అనుకున్నాను."

"ఇవాళ చౌదశ!" ఝంఖన అరిచింది. తింటున్న చేతులన్నీ ఆగాయి. "దముబేన్, ఇవాళ చతుర్దశి! పప్పాకి ఉపవాసం! అన్నం ముట్టరు. కాచిన నీళ్లు తప్ప ఇంకేం తాగరు, అవీ చీకటి పడేలోపే!"

కుర్చీలో కూలబడి అప్పుడు ఏడ్చింది. భుజం మీద చెయ్యి వేశాను. ఎందుకో ఇవాళ చేతనైంది.

మనిషిని పట్టపగలు గదిలో పెట్టి తాళం వేస్తాడు, దొంగని ఊరంతా చాటుతాడు, కానీ ఆ మనిషి ఉపవాసం చెడగొట్టిన పాపం మాత్రం తనకొద్దు. త్రికమ్ సేఠ్ లాంటివాళ్లు మా ఊళ్లో నాకు చాలామంది తెలుసు. అసహ్యం వేసింది, ఆ భయమే కాకా ప్రాణం నిలబెట్టిందని సంతోషం కూడా వేసింది. పదకొండూ ఐదుకి అనోప్‌చంద్ బతికే ఉన్నాడు.

టైము చూశాను. పన్నెండూ పద్నాలుగు. ఒంటిగంటకి సోనీ బజారు మొత్తం షట్టర్లు దించి నిద్రపోతుంది. నాలుగింటిదాకా ఆ వీధిలో కుక్క కూడా తిరగదు. ఎవరినైనా ఎక్కడికైనా తరలించాలంటే అంతకంటే మంచి వేళ లేదు.

"పద ఝాలా. నలభై ఆరు నిమిషాలున్నాయి."

ఝాలా కదల్లేదు. కలిపిన ముద్ద చేతిలోనే ఉంది.

"పదవయ్యా!"

"బేన్..." అన్నాడు. నేను ఆ గొంతు ఆయన దగ్గర ఎప్పుడూ వినలేదు. "ఇందాక నేను సేఠ్‌కి ఫోను చేశాను కదా."

పదకొండూ నలభై ఐదు. మంగళవారం తిన్నవాడు కాకా కాదని దముబేన్ కనిపెట్టిందని, పళ్లాల వెంట పడిందని, హాలంతా వినేలా నవ్వుతూ చెప్పాడు. అవతల ఆ నవ్వు ఎందుకు ఆలస్యంగా వచ్చిందో ఇద్దరికీ ఇప్పుడు అర్థమైంది. త్రికమ్ సేఠ్‌కి దొరికిన టైము ఇప్పటికి అరగంట.

వంటింటి గుమ్మంలో నీలం పెట్టె సిద్ధంగా ఉంది. రెండు థాలీలు, పక్కన మూత బిగించిన క్యాను. భేరూలాల్ దానికి తాడు కడుతున్నాడు.

గల్లా మీద ఫోను మోగింది.

గోర్ధన్‌భాయ్ నంబరు చూసి నా వైపు చూశాడు. ఎత్తమని తల ఊపాను.

"ఆఁ సేఠ్... కడుతున్నారు సేఠ్, ఇదిగో బయల్దేరుతోంది... అలాగే... సరే సేఠ్."

పెట్టేశాడు. ఝంఖన లేచి ఆయన ఎదురుగా వెళ్లి నిలబడింది.

"ఏమన్నాడు కాకా?"

గోర్ధన్‌భాయ్ ఆమె మొహం చూడలేకపోయాడు. నాకే చెప్పాడు.

"థాలీలు రెండూ తొందరగా పంపమన్నాడు బేన్. నీళ్లు ఇక అక్కర్లేదట."